ఏ చూపు రాయాలె?

శుక్లం ఆపరేషన్ కోసం నారాయణపేట నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన కృష్ణమ్మ, హాస్టల్ నుంచి నేరుగా వచ్చి కలిసిన ఆమె మనవరాలు నిహారిక మహబూబ్‌నగర్‌లోని ఒక కంటి దవాఖానలో బీమా కౌంటర్ ముందు నిలబడ్డారు. కిటికీ లోపల స్వరూప.

"మళ్ల చెప్తున్న, జర వినమ్మా. మీ బీమా కార్డు మీద మామూలు లెన్సు ఒక్కటే వస్తది."

"దగ్గరిది, దూరంది రెండూ కనవడేది రాదా, మేడం?"

"అది ముప్పై అయిదు వేలు ఎక్కువ."

"మామూలు దానికి ఇచ్చేది బీమా ఇయ్యనీ. పైన పడ్డది మేం కట్టుకుంటం."

"గట్ల కుదరదు. ఆ లెన్సు కావాలంటే కార్డే చెల్లది. ఆపరేషన్ ఖర్చు మొత్తం మీదే."

"గిదేం లెక్క మేడం!"

"నువ్వు ఊకో నిహారికా. మామూలుదే ఎయ్యమను."

"అవ్వా, దాంతోని దూరమే మంచిగ కనవడ్తదట. పోగులెట్ల చూస్తవ్?"

"అద్దాలు పెట్టుకుంట."

"మగ్గం మీద వంగినప్పుడల్లా జారి పడ్తయని నువ్వే అంటివి!"

"అంటి. అంటే ఏమాయె?"

"ఒక్క నిమిషం. అవ్వ చీరలు నేస్తదా? ఫారంల ఇంట్లనే ఉంటదని ఉన్నది."

"నలభై ఏండ్ల సంది నేస్తది, మేడం. గట్లెందుకు రాయించినవ్ అవ్వా?"

"రాసెటోడు రాసిండు."

"అయితే ఫికర్ లేదు. గా మామూలు లెన్సునే దగ్గరి చూపుకు పవర్ చూసి ఏస్తరు డాక్టర్ సాబ్. రూపాయి ఎక్కువ కాదు. దూరానికి అద్దాలు పెట్టుకోవాలె, గంతే."

"నిజంగనా! విన్నవా అవ్వా? దగ్గరిదే రాయుండ్రి మేడం, దగ్గరిదే."

"వద్దు బిడ్డా. దూరందే రాయుమను."

"దూరం చూసి ఏంజేస్తవ్? కూసోని చుక్కలు లెక్కవెడ్తవా?"

"దూరందే."

"ఏదో ఒకటి చెప్పుండ్రి. ఎనుక లైనున్నది."

"అవ్వా, నా దిక్కు చూడు. నేను హాస్టల్‌కు పోయినంక ఏమైంది?"

"ఏం గాలే."

"అవ్వా..."

"అంచుల పోగులు తప్పినయని మూడు చీరలు వాపస్ జేసిండు నూలిచ్చే సేటు."

"విప్పి మళ్ల నేయొచ్చు గదా!"

"దేని మీద నేద్దు? మగ్గం ఆయనదాయె. దసరా ముంగట విప్పుకపోయిండు."

"మరి నాకు నెలనెలా పైసలు పంపుతనే ఉన్నవ్. యాడికెళ్లి వస్తున్నయ్?"

"సేటు చీరల దుకాణం గేటుకాడ కుర్చేసిండు, బిడ్డా. మూలమలుపుకాడ కారు కనవడంగనే లేచి గేటు తియ్యాలె. దూరందే రాయించు."