మాననోళ్ల గ్రూపు

సూరత్ లింబాయత్‌లో, పక్కింటి మగ్గాల మోతకు గిన్నెలు అదిరే ఒక గది. మిల్లు నుంచి వచ్చిన లింగమూర్తి ముందు, డిగ్రీ రెండో ఏడు చదివే కూతురు సంతోషి మావా పొట్లం పెట్టింది. వక్క, పొగాకు, సున్నం కలిపి నలిపిన ఆ పొట్లం కనిపిస్తే నిన్నమొన్నటిదాకా మోరీలో పారేసిన పిల్లే.

“ఒక్క చిటికెడు, బాపూ. నా కోసం.”

“మానిన అని చెప్తున్న గద.”

“ఎవల్నడిగి మానినవ్?”

“నువ్వే గద బిడ్డా, చిన్నప్పటిసంది మానుమని నా పానం తీసినవ్.”

“అది అప్పుడు. ఇప్పుడు మా యూనివర్సిటీల అందరు రీసెర్చ్ చెయ్యాలంటున్నరు. చెయ్యకుంటే పట్టా ఇయ్యరు. గేటుకాడ వాచ్‌మన్ గూడ టాపిక్ చెప్తెనే లోపలికి ఇడుస్తుండు.”

“గంత పిచ్చేంది?”

“పిచ్చి కాదు, ప్రోత్సాహం. కామర్స్ పిల్లలకు మనుషులు దొరకక ఒకల్నొకలు ప్రశ్నలడుగుతున్నరు. అడిగెటోళ్లే గని జవాబిచ్చెటోడు లేడు. బయట లోచో టిఫిన్ బండాయన మీద నాలుగు జట్లు పడ్డయి. ప్రశ్నలకు జడిసి గిరాకీ పారిపోయింది. ఇప్పుడు గిరాకీ ఎందుకు పోయిందని అయిదో జట్టు దిగింది.”

“మరి నీది మావా మీదనా?”

“రెండు గ్రూపులు. మావా మానినోళ్లకు నోరెంత తెరుసుకుంటది, మాననోళ్లకు ఎంత తెరుసుకుంటది, చూసుడు. మానినోళ్లు మస్తు దొరికిన్రు. మాననోళ్లే లేరు.”

“మన గల్లీల లేరా? పరుశురాం ఉండె గద.”

“మేం దినాం పోయి అడుగుతుంటె, మా పోరు పడలేక మానేసిండు. నరహరి మామైతే కిమ్ అనే ఊర్ల వేరే మిల్లు చూస్కొని పోయిండు. నువ్వొక్కనివే నాకు దిక్కు. మా బాపు జన్మల మానడని, మాతోని రీసెర్చ్ చేపిచ్చే మైథిలి మేడంకు మాటిచ్చిన.”

“గట్ల చెప్పినవా?”

“గంత నమ్మకం నీ మీద. రేపు యూనివర్సిటీల స్టేజీ మీద మా లెక్కలు చూపియ్యాలె. జర తిను బాపూ.”

“వద్దు బిడ్డా.”

“పోనీ తినకు. ఊకె బుగ్గల పెట్టుకో, నేను నోరు చూసినంక ఉమ్మెయ్.”

“చూసుడెందుకు? అందరికెంత ఉంటె నాకూ అంతే రాయి.”

“గట్ల రాస్తే రీసెర్చ్ ఎట్లయితది? మూడు వేళ్లు నిలువుగ నోట్ల పడ్తె మంచిగున్నట్టు. గల్లీల అందరియి చూసిన, నీదే మిగిలింది. నేను దగ్గరికొస్తెనే నీకు పని యాదికొస్తది.”

“చాయ పెట్టుపో.”

“పెడ్త. ముందు నోరు తెరువు.”

“చాయ, బిడ్డా.”

“రొట్టె గూడ చాయల ముంచే తింటున్నవ్ ఈ నడుమ. ఎందుకు?”

“మెత్తగుంటె మంచిగుంటది.”

“నిన్న మిర్చి బజ్జీ తెస్తె అమ్మకిచ్చినవ్.”

“కారం.”

“నీకు కారమా? బాపూ, ఎందుకు మానినవ్? నిజం చెప్పు.”

“మీ మేడంకు కోపమొస్తదేమో.”

“మేడం సంగతి ఇడువు.”

“మొన్న నువ్వు పరుశురాం నోరు చూస్తుంటె, నేను గూడ చాటుకు చూసుకున్న. ఒక్క వేలే పడ్తున్నది బిడ్డా. ఇగ చెప్పు, నన్ను ఏ గ్రూపుల రాస్తవ్?”