హాజిరా మడిలో చైనా కూర

గోదావరిఖనిలో గని కార్మికుల క్వార్టర్లు. చలికాలం, ఆదివారం పొద్దున. సర్వర్ భార్య హాజిరా పెరట్లో కూరమడి దగ్గర నిలబడింది. పక్కింటి మల్లక్క నడుమ గోడ మీదుగా తొంగి చూస్తోంది.

"...కోతులే, హాజిరా. ఇంకెవరు కోస్తరు?"

"కోతులు కత్తితోని కోస్తయా, మల్లక్కా? చూడు, ఒక్కొక్క కాడ ఎంత నున్నగ తెగిందో. వారం రోజులు బెల్లంపల్లి మా అమ్మగారింటికి పోతె, నీళ్లు పొయ్యమని నీకే చెప్పి పోతి కద."

"నీళ్లు పోసిన. నీళ్లకేం తక్కువ చెయ్యలె."

"లియాంగ్ సారు ఇయ్యాల పగటి బువ్వకొస్తడక్కా. గనిల మెషిన్ బిగించుడు అయిపోయింది, రేపు వాళ్ల చైనా పోతుండు. ఆయన మా ఆయనతోని పంపిన గింజలే ఇవి. ఆయన కూర ఆయనకే వండి పెడదామనుకున్న."

"ఆవాలసొంటి గింజలు. నవ్వితి గూడ, పోపుల వేసేటియి మట్టిల వేస్తున్నవేందని."

"మొలిచినంక పీకి జాగ జాగకు నాటిన. ఆకుల మీది బొగ్గు దుమ్ము రోజు కడిగిన."

"కడిగితె పోయే దుమ్మా అది? ఆ ఆకు రంగే బూడిద రంగు."

"రెండు చెట్లకు మొగ్గలు గూడ వడ్డయి. గోబీ లెక్క పువ్వు కడ్తదని చూస్తున్న, చూస్తున్న..."

"కట్టదు. పూలు విచ్చకముందే కాడతోని కోసుకోవాలె. ముదిరితె పీచు."

"మల్లక్కా."

"ఏంది?"

"పీచని నీకెట్ల తెల్సు?"

"గోడ మీదికెల్లి కనవడదా ఏంది."

"పీచు కనవడ్తదా? ఇటు చూసి చెప్పు."

"ఒక్కనాడే కోసిన. ఇంట్ల కూరగాయ లేదు, మా ఆయన పొద్దటి షిఫ్టుకు పోవాలె. ఎల్లిపాయ, ఎండుమిరప వేసి పోపు పెట్టిన. మల్లొకనాడు ఇంకొన్ని."

"ఒక్కనాడే అన్నవ్."

"రుచి మరిగిండు, నేనేం చెయ్యాలె?"

"గనిల కప్పు కూలినప్పుడు మా ఆయన రెక్క వట్టి గుంజింది లియాంగ్ సారేనక్కా. ఇయ్యాల మనిషి ఇంట్ల ఉన్నడంటె గందుకే. ఒక్క పూట బువ్వ పెట్టి పంపుదామనుకుంటె..."

"ఏడ్వకు. ఇంకో మాట ఉంది. కోపం చెయ్యనంటె చెప్త."

"ఇంకా ఉందా?"

"గనిల మా ఆయన డబ్బ ఇప్పంగనే లియాంగ్ సారు వాసన వట్టి దగ్గరికొచ్చిండట. సగం ఆయనే తిన్నడు. తినుకుంట కండ్లు తుడ్సుకున్నడట. అచ్చం మా అమ్మ వండినట్టుంది, ఎవరు వండిన్రు అని దుబాసీతోని అడిగిపిచ్చిండు. దొంగ కూరాయె, మా ఆయన బుగులు వడి..."

"ఏమన్నడు?"

"సర్వర్ భార్య హాజిరా వండిందన్నడు."

"గందుకా. ఎన్నిసార్లు పిలిచినా రానోడు, మొన్న తనంతట తనే వస్తనన్నడట."

"నీ చేతి కూర ఇంకోసారి తిని పోదామని."

"నా చేతి కూర. నేనింక రుచే చూడలె."

"ఫికర్ చెయ్యకు. కోసినకాడ పక్కలకు పిలకలొచ్చినయ్, చూడు, ఎంత లేతగున్నయో. ఒక గిన్నెకైతయ్. ఎట్ల వండాల్నో ఈడికెల్లి చెప్త, నువ్వు జల్ది పొయ్యి ముట్టియ్యి."

"చెప్పుడొద్దు. గోడ దాటి ఇటు రా. ఆయన నన్నెన్నడు చూడలె. ఈ పూటకు హాజిరా నువ్వే."

"మరి నువ్వు?"

"నేనా? పక్కింటి మల్లక్కను. కూర దొంగను."