ఇస్త్రీ అక్కర్లేని కోటు

ల్యాబ్‌లో లైట్లార్పి ప్రొఫెసరూ, ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న అమ్మాయీ మైక్రోస్కోపు తెర చూస్తున్నారు.

"చెరువు నీళ్లలో ప్లాస్టిక్ ఎలా మెరుస్తోందో చూడమ్మా."

"ఇవి చెరువు నీళ్లు కావు సార్. డిస్టిల్డ్ వాటర్. ప్లాస్టిక్‌ని మెరిపించే రంగు కలిపితే ఇవీ అంతే మెరుస్తున్నాయి."

"ఇందులోకి ప్లాస్టిక్ ఎక్కణ్ణించి వచ్చింది?"

"మన కోట్ల నుంచి. అన్నీ పాలిస్టర్ పోగులే. నూలు కోట్లు కొందామంటే, ఇస్త్రీ దండగన్నారు మీరు."

"మరి ఈ పరీక్ష మూడేళ్లూ ఎందుకు చెయ్యలేదు?"

"ఉత్త నీళ్లకి రంగు దండగన్నారు సార్. ఇక నా థీసిస్ పోయినట్టే."

"జర్నల్లో అచ్చయిన మన పేపరు సంగతో?"

"తప్పయిందని ఉత్తరం రాయాలి. పేపర్లో మొదటి పేరు మీదే."

"అప్పుడు నీ పేరు ముందుండాలని గొడవ చేశావు కదమ్మా. ఉత్తరంలో నీదే ముందు పెడదాంలే."