ఊగే పీపా

(దక్షిణ ఆస్ట్రేలియా, 1886. జర్మనీ నుంచి వచ్చి ద్రాక్షతోటలు వేసుకున్నవాళ్ళ ఊరు. సోమవారం పొద్దున, వంటింట్లో అత్త దొరొతియా, కోడలు ఎర్నెస్టీన.)

"అలా గుద్దకు స్టీనా. అది కేకు పిండి. నీ మొగుడి వీపు కాదు."

"నా చేతులింతే అత్తయ్యా. అయినా వచ్చేవాడికి కేకు దేనికి? యంత్రం పట్టుకుపోతున్నాడుగా, అది చాలదూ?"

"పట్నం నుంచి పేటెంటు ఆఫీసు మనిషొస్తే కేకు పెట్టకుండా పంపుతామా? నలుగురూ ఏమనుకుంటారు?"

"నేను చేసిన యంత్రం ఇంకొకరి పేరు మీద రాయిస్తే నలుగురూ ఏమనుకుంటారో అదీ చెప్పండి."

"ఇంకొకరేమిటే? గొత్‌హోల్డ్ నీ మొగుడు. నా కొడుకు. మనవాడే కదా."

"ఆ మనవాడు పుట్టి బుద్ధెరిగాక ఒక్క చొక్కా ఉతికాడా?"

"మగవాడు చొక్కా ఉతకడమేమిటి, చోద్యం కాకపోతే!"

"నేనూ అదే అంటున్నా. చొక్కా ఉతకనివాడు బట్టలుతికే యంత్రం ఎలా కనిపెట్టాడూ అని."

"మళ్ళీ మొదలుపెట్టావా? వారం నుంచి ఇదే పాట."

"పాడతాను. ఆ ఆఫీసు మనిషొచ్చేదాకా పాడతాను. మీ మనవడు పుట్టినప్పుడు ఎంత ఏడ్చేవాడో మీకు గుర్తుందా లేదా?"

"ఎందుకు లేదూ. ఊరంతా వినబడేది."

"ఒక కాలితో వాడి తొట్టి ఊపుతూ, రెండు చేతులతో దుప్పట్లు రుద్దేదాన్ని. వేళ్ళు పగిలి నెత్తురొచ్చేది. ఎటూ కాలు ఊపుతూనే ఉన్నాను కదా, దాంతోపాటు ఇంకోటీ ఊగనీ అని పాత సారాపీపా అడ్డంగా పడుకోబెట్టి, దాని కింద తొట్టికున్నట్టే వంపు చెక్కలు కొట్టాను. ఎవరు కొట్టారు?"

"నువ్వే."

"లోపల గుడ్డలు రాసుకోడానికి బద్దలు బిగించిందెవరు?"

"నువ్వేలే."

"ఆయనేం చేశారు?"

"మేకులిచ్చాడు."

"అవీ వంకరవి. నేనే తిన్నగా కొట్టుకున్నాను. అత్తయ్యా, నవ్వుతున్నారా?"

"లేదు. పొగ. కళ్ళు మండుతున్నాయి. ఆ పొయ్యి తలుపు వెయ్యి."

"పొయ్యి ఇంకా అంటించనేలేదు."

"అయితే అంటించు. వాగుడు కట్టిపెట్టి."

"వంకర మేకులిచ్చినాయన పేటెంటు కాగితాల్లో కనిపెట్టినవాడట. నేను ఆ కాగితాల్లో ఎక్కడా లేను. మీ మనవడి తొట్టి ఉంది, నేను లేను."

"ఆడదాని పేరుంటే ఫ్యాక్టరీవాళ్ళు కొనరట తల్లీ. అడిలైడ్‌లో వాడికి అలా చెప్పారు."

"ఎవరు చెప్పారు? కొనేవాళ్ళే చెప్పారు. వాళ్ళలాగే చెప్తారు."

"వచ్చిన డబ్బుతో కొండవార తోట కొందామని వాడి ఆశ. చిన్నప్పటినుంచీ ఆ తోట చూసి గుటకలు మింగేవాడు. అందులో నీకేం చెడ్డదే?"

"ఆ తోటా ఆయన పేరు మీదే కదా."

"నీతో మాట్లాడలేం బాబూ."

"సరే, మాట్లాడొద్దు. ఒక్కటి చెప్పండి. వచ్చే దొర ముందు ఏం అడుగుతాడట?"

"నీకు తెలుసుగా."

"మీ నోటివెంట వినాలని."

"ఈ యంత్రం మీ ఇల్లు దాటి బయట ఎవరైనా వాడారా అని అడుగుతాడట. బయటివాళ్ళు అప్పటికే వాడేస్తుంటే అది కొత్తది కాదట. ఎవరికీ పేటెంటు ఇవ్వరట."

"బైబిలు మీద చెయ్యి పెట్టించి మరీ అడుగుతాడట."

"ఊఁ."

"మీ అబ్బాయి మిమ్మల్నేం చెప్పమన్నారు?"

"పిండి గట్టిపడుతోంది చూడు. పాలు పొయ్యి."

"అత్తయ్యా."

"ఇల్లు దాటలేదని చెప్పమన్నాడు. నా మాటైతే పట్నంలో కూడా నమ్ముతారట. ముసలిదాన్ని, చర్చిలో ముందు వరసలో కూర్చునేదాన్ని."

"చెప్తారా?"

"ముందు కేకు పొయ్యిలోకి వెళ్ళనీ."

"ఊళ్ళో పీపా లేని పెరడు ఎక్కడుంది? సోమవారం వచ్చిందంటే ప్రతి ఇంటి వెనకా గుడగుడలే. మీ అబ్బాయికి ఆ సంగతి తెలుసా?"

"తెలిస్తే ఇంత ధీమాగా ఉంటాడా? మగాళ్ళు పొద్దున్నే తోటలకి పోతారు. సోమవారం పెరట్లోకొచ్చిన మగాడి నెత్తిన సబ్బునీళ్ళు గుమ్మరించడం మా అమ్మమ్మల నాటి నుంచీ ఉంది. ఆ భయానికి ఒక్కడూ ఇటు తొంగిచూడడు. మిగతా రోజుల్లో నిలబెట్టేస్తాం కదా, క్యాబేజీ ఊరేసుకునే పీపా అనుకుంటారు."

"ఇన్ని క్యాబేజీలు ఎవరు తింటున్నారని కూడా అనుమానం రాదు."

"మగాళ్ళకి కంచంలోది తప్ప పీపాలోది ఎందుకు?"

"మరి వెతికి వెతికి సోమవారమే రమ్మన్నారేం ఆ దొరని?"

"వాడికి సోమవారానికీ బుధవారానికీ తేడా ఏం తెలుసు? ఆదివారానికి ఉతికిన చొక్కా ఉంటే చాలు."

"నోస్కె పౌలీన సంగతొక్కటీ తెలుసు ఆయనకి. ఆవిడ కూలికి ఉతుకుతుంది, పీపా వీధరుగు పక్కనే పెట్టుకుంటుంది కదా. నిన్న రాత్రి ఆవిడ గురించే మీతో గుసగుసలాడారు. నేను నిద్రపోతున్నాననుకున్నారు."

"నిద్రపోవాల్సిన టైములో చెవులు రిక్కించుకుని కూర్చున్నావా?"

"దొర వచ్చేలోపు పౌలీన పీపా కనబడకూడదు, తీసుకెళ్ళి తగలబెట్టించమ్మా అన్నారు. అన్నారా లేదా?"

"అన్నాడు."

"మీరేమన్నారు?"

"చూస్తాలే అన్నాను."

"పొద్దున్నే చీకటితో లేచి ఎక్కడికెళ్ళారు?"

"గుడ్ల కోసం. కేకుకి."

"మన కోళ్ళు మానేశాయా?"

"దొరకి పెట్టే కేకుకి చాలవేమోనని."

"ఊళ్ళో ప్రతి గడపా ఎక్కారట. పాల పిల్ల చెప్పింది. ఇన్ని ఇళ్ళు తిరిగి ఒక్క గుడ్డు తేలేదు. బుట్ట ఖాళీగా ఉంది, చూశాను."

"కోళ్ళు పెట్టలేదేమో. నాకేం తెలుసు."

"ఊళ్ళో కోళ్ళన్నీ కూడబలుక్కున్నాయా? అత్తయ్యా, ఇటు చూడండి. పౌలీన ఇంటికి వెళ్ళారా?"

"వెళ్ళాను."

"ఆ పీపా?"

"దాని సంగతి చూసొచ్చాను."

"చూసొచ్చారా! అంటే తగలబెట్టించారా? ఎలా మనసొప్పింది మీకు? దానిమీదే కదా ఆవిడ పిల్లల్ని పోషిస్తోంది! అది లేనప్పుడు ఆవిడ చేతులు చూశారా మీరు? సున్నపునీళ్ళలో నాని చర్మం ఊడొచ్చేది. ఆ చేతుల్తో ఆవిడ మన బట్టలూ ఉతికింది!"

"అరవకు. పిల్లాడు లేస్తాడు."

"లేవనీ! వాడికీ తెలియాలి. పేటెంటు చేతికొచ్చాక ఎవరింట్లో అలాంటి పీపా కనబడినా పగలగొట్టించొచ్చని రాశాడు ఆ ఫ్యాక్టరీ యజమాని. మీ అబ్బాయి ఆ ముక్క చదివి ఎంత గర్వంగా మడిచి జేబులో పెట్టుకున్నారో! ఈరోజు పౌలీనది. రేపు ఊరందరిదీ. నా చేతిపని చూసి వాళ్ళు ముచ్చటపడి చేసుకున్నవి అత్తయ్యా. ఒక్కొక్కరికీ నేనే బద్దలెలా బిగించాలో చూపించాను."

"అందుకే అంటాను, నీకు చేతినేర్పు ఎక్కువ, ముందుచూపు తక్కువ. ఎవరికీ చూపించకుండా ఉంటే ఈ గొడవే లేదు."

"ఎలా చూపించకుండా ఉంటాం? పక్కింటావిడ వేళ్ళు నెత్తురోడుతుంటే మన పెరటి తలుపు వేసుకుంటామా?"

"వేసుకోం."

"మరి!"

"మరి ఏం చేద్దామంటావు ఇప్పుడు?"

"నేను చెప్పేస్తాను. మీరు బైబిలు మీద చెయ్యి పెట్టి ఏం చెప్పుకుంటారో మీ ఇష్టం. నేను మాత్రం ఉన్నదున్నట్టు చెప్తాను. ఊరంతా వాడుతోందని చెప్తాను."

"చెప్తే పేటెంటు వాడికీ రాదు, నీకూ రాదు. తెలుసా?"

"తెలుసు. రాకపోతే పీడాపోయె."

"గొత్‌హోల్డ్ ఊరుకుంటాడా?"

"ఊరుకోకపోతే ఆయన చొక్కాలు ఆయన ఉతుక్కుంటారు."

"పొగరే నీకు. ఇలాంటివి దిగమింగి కాపురం చేసుకోవాలే పిచ్చిదానా. మీ మామయ్య బతికున్నన్నాళ్ళూ ఆ ద్రాక్ష పిండే మర చూడ్డానికి ఎక్కడెక్కడివాళ్ళో వచ్చేవాళ్ళు. ప్రదర్శనలో పతకమిచ్చారు. ఇదిగో ఈ గోడకే, ఈ మేక్కే వేలాడుతోంది. అది నాదని నేనెప్పుడైనా అన్నానా?"

"మీదని అనడమెందుకు?"

"ఏమిటి?"

"మర మామయ్యది కదా. మీదని మీరెందుకంటారు?"

"అదే చెప్తున్నా. మీ మామయ్యదే. అనలేదు అంటున్నా."

"అత్తయ్యా, ఆ మర పిడి ఎంత ఎత్తులో ఉంది?"

"ఇప్పుడు పిడి సంగతెందుకు?"

"మీ భుజానికి సరిగ్గా సరిపోతుంది. నేను తిప్పినప్పుడు కొంచెం వంగాలి. మామయ్య ఆరడుగుల మనిషి. ఆయన తిప్పాలంటే సగానికి మడతపడాలి. తనకోసం చేసుకున్నవాడు పిడి అంత కిందికి పెట్టుకుంటాడా?"

"అందుకే ఆయనకి చచ్చేదాకా నడుంనొప్పి."

"అత్తయ్యా!"

"ఆ పంచదార ఇలా ఇవ్వు. పైన చల్లాలి."

"మాట దాటెయ్యకండి."

"దాటెయ్యట్లేదు. కేకు చేస్తున్నాను. తలుపు తియ్యి, పొయ్యిలో పెడతాను. చెయ్యి కాలుతుంది, జాగ్రత్త."

"సరే. మీరు చెప్పరు. నాకు అర్థమైంది. కానీ అన్నీ తెలిసి కూడా మీరు పౌలీన పీపా... ఉండండి. ఆ చప్పుడేంటి?"

"ఏ చప్పుడు?"

"గుడగుడమని. పీపాలు ఊగుతున్నట్టుంది."

"సోమవారం కదా."

"సోమవారమే. కానీ పెరళ్ళ వైపు నుంచి రావట్లేదు. వీధిలోంచి వస్తోంది."

"అవునా? నాకు చెవులు సరిగ్గా వినబడవు. కిటికీ తీసి చూడు."

"అమ్మో! అత్తయ్యా, పౌలీన పీపా నడివీధిలో ఉంది! తగలబెట్టలేదు! ఎదురింటివాళ్ళది గుమ్మంలో. ఆ పక్కవాళ్ళది బండిదారికి అడ్డంగా పెట్టారు. ఇటు చివర నుంచి అటు చివరదాకా పీపాలే! చర్చి గేటు ముందు ఎవరది... పాస్టరుగారి భార్య! ఆవిడకి కూడా ఉందా?"

"నీకు తెలీదా? ఆవిడ కడుపుతో ఉన్నప్పుడు నేనే చేసిచ్చాను. పాపం పాస్టరుగారు ఇప్పటికీ అందులో క్యాబేజీ ఉందనుకుంటున్నారు."

"పొద్దున్న మీరు గుడ్లకోసం తిరిగింది..."

"అన్ని గుమ్మాలూ ఎక్కి, గుడ్లు అడగడం మర్చిపోయాను. ముసలితనం."

"అత్తయ్యా, మీరు... నేనెన్ని మాటలన్నాను మిమ్మల్ని!"

"బాగానే అన్నావు. నీ రోషం ఎంతవరకు ఉంటుందో చూద్దామని ఊరుకున్నాను. దొరని తేవడానికి వెళ్ళిన వాడి బండి వస్తోందా?"

"వస్తోంది. కాదు, ఆగింది. ముందుకు దారి లేదు. మీ అబ్బాయి కిందికి దిగి పీపాలు పక్కకి లాగమని చేతులూపుతున్నారు. ఒక్కరూ వినట్లేదు. అయ్యో, సబ్బునీళ్ళు!"

"పడ్డాయా నెత్తిన?"

"పౌలీన గుమ్మరించింది. నిండు బాల్చీ."

"సోమవారం వస్తే అంతే మరి. ఆ దొరో?"

"టోపీ తీసి ఒక్కో పీపా దగ్గరా వంగి చూస్తున్నాడు. ఎవరో ఊపమన్నట్టున్నారు, కాలితో ఊపి చూస్తున్నాడు. నవ్వుతున్నాడు అత్తయ్యా."

"అయితే ఇంక బైబిలు తియ్యక్కర్లేదు."

"పేటెంటు పోయింది."

"పోయింది. బాధగా ఉందా?"

"ఉంది. అబద్ధమెందుకు. కొంచెం ఉంది. నా పేరు ఎక్కడా ఉండదుగా ఇంక."

"ఉంటుంది ఆ బాధ. నాకు తెలుసు. మొహం తుడుచుకో, వస్తున్నారు. తలొంచుకోకు. నేనున్నాను."

"అమ్మా! ఏమిటమ్మా ఇది? ఊరంతా వీధిలో పెట్టుకుని... ఎవరు చేశారీ పని? స్టీనా, నువ్వేనా? నా తోట, నా ఇన్నేళ్ళ ఆశ..."

"ముందు తల తుడుచుకోరా గొత్‌హోల్డ్, సబ్బు కళ్ళలో పడుతుంది. దొరగారూ, రండి, కూర్చోండి. కేకు అయిపోవచ్చింది."

"నమస్కారం అమ్మగారూ. నా పేరు పెంగెలీ. ఒక్క ప్రశ్న అడుగుదామని ఇంత దూరం వచ్చాను, జవాబు దారిలోనే దొరికింది. పేటెంటు మాట ఇంక లేదు. కానీ నాకోసం అడుగుతున్నాను, ఇది మొట్టమొదట చేసిందెవరు?"

"నేనేనండీ. నేనే కదా దరఖాస్తు..."

"గొత్‌హోల్డ్."

"అమ్మా, నువ్వు ఊరుకో. మగవాళ్ళు మాట్లాడుకుంటున్నప్పుడు..."

"మీ నాన్న కూడా ఇదే మాటన్నాడురా, ప్రదర్శనకి బయల్దేరుతూ, ఈ గుమ్మంలోనే నిలబడి. ఆవేళ ఊరుకున్నాను. ఇన్నేళ్ళూ ఊరుకున్నాను. దొరగారూ, ఆ పీపా చేసింది మా కోడలు. దాని పేరు ఎర్నెస్టీన. ఇదిగో, గోడమీదున్న ఈ పతకం నాది."