అగ్గికొండ కడుపులో లింగమూర్తి

“ఆగుండ్రి బావా! అగ్గికొండను ఎత్తిపట్టినోన్ని నేను!”

ఆ కేక సెంటినరీ కాలనీలో నాలుగు క్వార్టర్ల అవతలికి వినిపించింది. లింగమూర్తి కేక పెట్టక ఏం చేస్తాడు? కొడుకు సంపత్‌కు పిల్లనియ్యటానికి మందమర్రి నుంచి వచ్చిన బుచ్చన్న, “ఆలోచన చేసి చెప్తం అన్నా” అంటూ లేచాడాయె. సంబంధం ఖాయం కాందే పిల్ల తరఫువాళ్లు పిలగాని ఇంట్లో మెతుకు ముట్టరు. లోపల భార్య అనసూర్య వండిన కోడికూరేమో చల్లారుతున్నది.

బుచ్చన్న మళ్లీ కూర్చున్నాడు. లింగమూర్తి లెక్కనే ఆయనదీ బొగ్గుబాయిలో ముప్పై ఏండ్ల నౌకరే.

లింగమూర్తి అందుకున్నాడు: “రెండువేల నాలుగుల మిషన్ పని నేర్చుకొమ్మని నన్ను సముద్రం నడుమ ఓ దీవికి పంపిండ్రు గద. ఆడ ఓ కొండ! రామగుండం కరెంటు పొగగొట్టాలు పది ఒకదాని మీద ఒకటి నిలబెట్టినా దాని మోకాలికి రావు. కింద కొబ్బరిచెట్లు, నడుముకు మబ్బుల పంచె. మూడొందల ఏండ్ల సంది పండుకున్నదట.”

“పండుకున్నదని ఎట్ల ఎరుక?” అన్నాడు బుచ్చన్న వెంట వచ్చిన ఆయన బామ్మర్ది పోశం.

“కట్టెతోని తట్టిన. బాయిల పైకప్పు తట్టి చూడమా, గట్టిదా డొల్లదా అని? గట్లనే తడితే గుర్రుమన్నది! గురక! ఆ తర్వాత ఏమైందో ఎరికేనా? నిద్రల ఊరు దిక్కు బొర్లవట్టింది. జల్ది కడుపులకు దుంకి, ఎడమచేత్తోని కొండను లేపి, కుడిచేత్తోని ఆసరకు దుంగలు నిలబెట్టిన.”

“ఒక్కనివేనా?”

“ఒక్కన్నే! అలసటొచ్చి, ఆ కడుపులనే కూసోని, అగ్గిపుల్ల గీసి బీడీ ముట్టించిన.”

బుచ్చన్న మొహంలో నవ్వు మాయమైంది.

“బాయిల దిగేముందు అగ్గిపెట్టె కోసం మన జేబులు ఎందుకు తడుముతరన్నా? లోపటి గాలి అంటుకుంటదేమోననే గద! ఒక్క పుల్లకు షిఫ్టంత పోతది. గసొంటి బొక్కల పుల్ల గీసినోని ఇంటికి నా బిడ్డ యమునను ఇయ్య. నిజం చెప్పు, గీసినవా, కోతనా?”

తన కోతను కోత అని లింగమూర్తి ఏనాడూ ఒప్పుకోలేదు. గడప దగ్గర నిలబడ్డ సంపత్ మొహం చూశాడు. గొంతు దిగింది.

“కోతనే. దుంగలు కోత, గురక కోత, బీడీ కోత. బస్సు కిటికీలకెల్లి చూసిన, గంతే. గానీ కొండ మాత్రం కోత గాదు. మెడ ఎంత ఎత్తినా కొస కానరాలె. చేతులు వాటంతటవే జోడైనయి. నోట మాట రాలె.”

“నీకే మాట రాలేదంటే అది మస్తు పెద్ద కొండనే,” అంటూ బుచ్చన్న భుజమ్మీది తువ్వాల తీసి పక్కన పెట్టాడు. “లే బావా, ఆకలైతున్నది. చెల్లే, వడ్డించు.”

అందరూ చాప మీద వరుసగా కూర్చున్నారు. మొదటి ముద్ద మింగంగనే లింగమూర్తి, “బావా, ఆ దీవిల కోడి ఎంతుంటదో ఎరికేనా?” అన్నాడు.