తాతబాబు గాలానికి పడ్డ రాతి ఈగ

తాతబాబు నోరు విప్పితే ఈగ ఏనుగవుతుందని రబ్బరు తోటలో అందరికీ తెలుసు. ఆ సంగతి సుంగై పెటాని నుంచి వచ్చిన కాంతయ్యకు మాత్రం తెలియకూడదని తాతబాబు పెళ్ళాం కూర్మమ్మ తెల్లారి లేచిన దగ్గర్నుంచి కనిపించిన దేవుడికల్లా మొక్కుకుంటోంది. కాంతయ్య వాళ్ళ కూతురు పాపాయిని చూశాడు, పిల్ల నచ్చింది. కొడుక్కి చేసుకుంటానని మాట ఇవ్వడమొక్కటే మిగిలింది. కిందటి సంబంధం కూడా సరిగ్గా ఇక్కడిదాకా వచ్చే చెడింది. తండ్రివే ఇన్ని కోతలైతే పిల్ల గురించి చెప్పింది మాత్రం ఎలా నమ్మేదని ఆ పెళ్లివారు లేచి చక్కా పోయారు.

"ఇయ్యాల ఒక్కరోజు నోరు కట్టుకో," అని కూర్మమ్మ మొగుణ్ణి బతిమాలింది. ఆయన సరేనన్నాడు. ఆవిడ నడిపే టీకొట్టు బెంచీ మీద కూర్చుని సగం గ్లాసు తాగేదాకా మాట నిలబెట్టుకున్నాడు కూడా.

మెర్డేకా, అంటే స్వాతంత్ర్యం, వచ్చిన ఏడాది అది. కొండల్లో తిరుగుబాటుదార్ల కోసం పెట్టిన కర్ఫ్యూ ఎత్తేశారు. ఏటి వైపు మళ్ళీ మనుషులు తిరుగుతున్నారు. కాంతయ్య ఊరికే ఏదో ఒకటి అడగాలని, "మీ ఏట్లో సేపలున్నాయేటి?" అన్నాడు. కూర్మమ్మ గుండె జారిపోయింది.

"సేపలా! సేపలు భయపడే పురుగులే ఉన్నాయి," అని అందుకున్నాడు తాతబాబు. "కర్ఫ్యూ గట్టిగా ఉన్న రోజుల్లో మన తోట దొర నన్ను గాలానికి తోడు తీసుకెళ్ళినాడు. ఆడు ఎర గుచ్చడు. కోడీకలు దారంతో సుట్టి పురుగులాగ సేసి నీటి మీద ఆడిస్తాడు. ఆ దినం ఒక్క సేపా మూతి పెట్టనేదు. నాను ఏట్లో రాయి తిప్పి సూసినాను. రాతి ఈగ! రాళ్ళ కింద పెరిగి, రెక్కలొచ్చేటప్పుడు గట్టెక్కుతాది గదా, అదే. నా ఏలంత ఉంది."

"ఏలంత ఉంటాదిలే," అన్నాడు పక్కన కూర్చున్న తోట కూలీ అప్పడు.

"అది పిల్ల! తల్లి పక్క రాయి మీద కూకుంది, సేటంత. ఆ తర్వాత ఏటైందో తెలుసా? దాని తాత అప్పుడే కుబుసం ఇడిసి బండ మీద ఆరేసినాడు. ఇంతలో జోరుగా వాన. దొర ఆ కుబుసం తొడిగేసుకున్నాడు. సేతులు సరిగ్గా సరిపోయినాయి, గుండీలొక్కటే నేవు."

"ఈగకి ఆరు కాళ్ళు గదేటి?" అని మళ్ళీ అప్పడే అడిగాడు.

"మిగతా నాలుగూ నడుం సుట్టూ ముడేసుకున్నాడు!"

కూర్మమ్మ పాల గిన్నె పొయ్యి మీద ఠంగున పెట్టింది. ఆ చప్పుడు ఎవరికోసమో ఆయనకు అర్థమయ్యే ఉంటుంది, కానీ ఆగితే తాతబాబు ఎందుకవుతాడు?

"నాను ఆ తాతీగని గాలానికి కట్టి ఇసిరినాను. అది నీటి మీద పడితే గదా! నన్ను లాక్కుని పైకి లేసిపోయినాది. కింద కొండల్లో తుపాకులోళ్ళు సర్కారు ఇమానం అనుకుని పొదల్లో దూరినారు, సర్కారు సిపాయిలు మనదేననుకుని టోపీలూపినారు. నాను ఇద్దరికీ సలాం కొట్టినాను, ఒంటి సేత్తోనే, రెండో సేతిలో గాలం ఉంది గదా! అంతలో పడవంత కెలా సేప నీట్లోంచి ఎగిరి ఈగని గుటుక్కున మింగినాది. నాను తిన్నగా దాని ఈపు మీద దిగినాను. గట్టు కాడ దొర సప్పట్లే సప్పట్లు. ఆనక ఇద్దరం బండ మీద కూకుని నా క్యారియర్ ఇప్పినాం. అన్నం, ఎండుసేపల పులుసు. దొర ఏళ్ళు నాక్కున్నాడనుకో."

అప్పడి నవ్వు సగంలో ఆగిపోయింది. కాంతయ్య గ్లాసు బెంచీ మీద పెట్టాడు.

"కర్ఫ్యూ రోజులన్నావు గదా?"

"అవును."

"అన్నం తిన్నావా? ఏటి గట్టు మీద?"

తాతబాబు చేతిలో గ్లాసు అటూ ఇటూ తిప్పాడు.

"ఈగ సరే. కుబుసం సరే. నువ్వు ఎగిరినావన్నా నమ్ముతాను. ఆ రోజుల్లో అన్నం తోట గేటు దాటిందంటే మాత్రం నమ్మను," అన్నాడు కాంతయ్య నెమ్మదిగా. "కొండల్లోనోళ్ళకి అందుతాదని సిపాయిలు గింజ బయటికి పోనిచ్చినారా? సంటిపిల్లకని మా ఇంటిది కొంగులో దాసిన ముద్దని గేటు కాడ ఇదిలించి మట్టిలో పోసినారు. రబ్బరు పాలు కార్చుకుని మధ్యాన్నం ఇంటికొచ్చేదాకా అందరివీ ఖాళీ కడుపులే."

ఈ సంబంధం కూడా పోయినట్టేనని కూర్మమ్మకు ఏడుపొచ్చింది.

"తిననేదు," అన్నాడు తాతబాబు తల దించుకుని. "ఏటి నీళ్ళు తాగినాను. బాగా ఆకలేసినాది. అందుకే కతలోనైనా తిందామని కలిపినాను."

కాంతయ్య భుజం కుదుపుతూ మొదలైన నవ్వు ఆపుకోలేక కళ్ళు తుడుచుకున్నాడు.

"ఈ కత మా వోడి పెళ్లిలో మళ్ళీ సెప్పాల నువ్వు. ఈగని ఇంకా పెంచుకో, నాకేటీ పర్లేదు."

"పెళ్లిలోనా అన్నయ్యా?" అంది కూర్మమ్మ, చేతిలో గరిటె అలాగే పట్టుకుని.

"మరి? అన్నం మాత్రం పందిట్లో పెట్టు బావా, ఒచ్చినోళ్ళందరికీ కడుపు నిండా. కతలో ఒద్దు."