చదువు కొలిచిన పైడయ్య

పైడయ్య అని ధాన్యం కొలిచేవాడొకడు ఉండేవాడంట. పాతికేళ్ళుగా రాజుగారి గాదెల దగ్గర అదే పని. కుంచం నిండా గింజలు పొయ్యడం, పైన అరచేత్తో చదును చెయ్యడం, అవతల గుమ్మరించడం. బొటనవేలు లోపలికి పెట్టి కొలవడం, మోచేత్తో అదిమి కొలవడం అతనికి తెలీదంట. నేనెవర్నీ అనట్లేదు వీరాసామీ, నువ్వెందుకు అటు తిరుగుతావు, కథ విను. ఆ పైడయ్యకి ఒక్కతే కూతురు, పేరు నూకాలు. ధాన్యం కొలిచేవాడు కూతురికి ఇంకేం పేరు పెడతాడు! నూకాలు పుట్టిన నాలుగేళ్ళకి వాళ్ళమ్మ రెండో పురిట్లో పోయింది. చెయ్యి పట్టుకుని చూసే దిక్కు లేదు ఆ చుట్టుపక్కల. అందుకని ఆ పిల్ల ఏం చేసిందంటే, పెద్దయ్యాక రాజుగారి పెద్దబడిలో వైద్యం చదవడానికి చేరింది. పెద్దబడంటే ఇప్పుడు యూనివర్సిటీ అంటున్నారే, అదే అనుకో. ఇంకొక్క ఏడాది చదివితే చదువు పూర్తవుతుంది, పది ఊళ్ళ ఆడవాళ్ళకి ఒక మనిషి దొరుకుతుంది. ఆ ఒక్క ఏడాదిమీదే పైడయ్య ప్రాణాలన్నీ పెట్టుకుని ఉన్నాడు.

అసలు దానికి ముందు సంవత్సరం ఏమైందంటే, రాజుగారు చెప్పా పెట్టకుండా పెద్దబడికెళ్ళాడంట. వెళ్ళేసరికి వైద్యం చెప్పే వీరభద్రాచారిగారు పాఠం మధ్యలో గురక పెడుతున్నాడు, శిష్యులేమో ఆయన మొహమ్మీద ఈగలు తోలుతున్నారు. ఏమిటిది అని రాజు కళ్ళెర్ర చేస్తే నూకాలే లేచి చెప్పిందంట. ప్రభూ, మీరిచ్చే ధాన్యం గురువుగారింట్లో ఆరు నెలలకొస్తుంది, మిగతా ఆరు నెలల కోసం ఆయన తెల్లారకముందే లేచి నూనెలు కాచి, సంతల్లో అమ్ముకొచ్చి, అప్పుడు మాకు పాఠం చెప్తారు, అందుకని మేం ఆయన్ని లేపం, మెల్లగా మాట్లాడుకుంటాం, అని. రాజుకి సిగ్గేసింది. రాజులకి కూడా అప్పుడప్పుడు వేస్తుంటుంది. పక్కగదిలో వ్యాకరణం చెప్పే పేరిభొట్లుగారు ఉన్నాడు. ఆయన నిద్రా పోవట్లేదు, పాఠమూ చెప్పట్లేదు. "నాకూ అంతే ప్రభూ, ఇల్లు గడవక మనసు నిలవట్లేదు" అన్నాడంట. రాజు నిలుచున్న పళంగా పండితులందరికీ జీతం రెండింతలు చేసేశాడు.

ఏడాది తిరిగింది. మంత్రి ఉన్నాడు చూడండి, ప్రతి కథలోనూ ఉంటాడొకడు, ఆయన వెళ్ళి గాదె తలుపు తీసి చూసి పరుగెత్తుకొచ్చాడు. "ప్రభూ, ధాన్యం పోయింది సరే, చదువు పెరిగిందా? పెరిగితే ఎంత పెరిగింది? పెరగలేదూ, పాత జీతమే ఇద్దాం" అన్నాడు. పండితుల్నడిగితే బ్రహ్మాండంగా పెరిగిందన్నారు. మంత్రినడిగితే ఎక్కడ, చూపించమన్నాడు. అప్పుడు రాజుకి తోచిందంట, మన పైడయ్య పాతికేళ్ళలో గింజ తేడా రానివ్వలేదు, ఆయన్నే కొలవమందాం, కొలిచేవాడికి ఏదైతేనేం, అని. నవ్వకండి. మొన్న మన పంచాయితీవాళ్ళు బడి గోడ గట్టిగా ఉందో లేదో చూసి రమ్మని పెళ్ళిళ్ళ వంటాయన్ని పంపలేదూ?

పైడయ్యకి బెంగ పట్టుకుంది. ఎందుకంటే ఆచారిగారు అప్పటికే చెప్పేశాడు, పాత జీతమైతే నేనుండలేనమ్మా నూకాలూ, పట్నం షావుకార్లు పిలుస్తున్నారు, పోతాను, అని. ఆయన పోతే వైద్యం చెప్పేవాడు ఇంకొకడు లేడు. పైడయ్య కుంచం బోర్లించి దాని మీద కూచుని మూడు రోజులు ఆలోచించాడంట. కూతురు గంజి తెచ్చి, "ఏంటి నాన్నా?" అంది. "చదువుకి గింజ ఎక్కడుంటుందే?" అన్నాడు. "నాకేం తెలుసు నాన్నా. పోయినేడు గురువుగారు నిద్రపోయేవారు కాబట్టి పాఠంలో మేం ఏమీ అడిగేవాళ్ళం కాదు. ఇప్పుడు అడుగుతున్నాం. అంతే తేడా" అంది. పైడయ్య గంజి తాగాడు, లేచాడు, బస్తాడు చింతగింజలు ఎత్తించుకుని పెద్దబడికెళ్ళాడు. ఇదిగో, మీరిప్పుడు చింతపండులోంచి తీసి పారేస్తున్నారే, అవే. ఆచారిగారి గదిలో ఒక కుంచం, భొట్లుగారి గదిలో ఒక కుంచం పెట్టి, పక్కన గింజలు పోసి, శిష్యులకి చెప్పాడు. పంతులుగార్ని ఒక మాట అడిగి జవాబు చెప్పించుకుంటే కుంచంలో ఒక గింజ వెయ్యండి, జవాబు రాకపోతే వెయ్యకండి, నెల తర్వాత వస్తాను, అని.

నెలయింది. వచ్చాడు. ఆచారిగారి గదిలో కుంచం నిండి, పైన గోపురం కట్టి, గింజలు కిందికి జారుతున్నాయి. చదును చేసి కుంచాన్ని పక్కన పెట్టాడు. పేరిభొట్లుగారి గదికెళ్ళాడు. కొత్త జీతంతో ఆయన ఉయ్యాలబల్ల ఒకటి చేయించి గదిలోనే కట్టించుకున్నాడు, శిష్యులు వంతులేసుకుని ఊపుతున్నారు. కుంచంలోకి చూస్తే అడుగున ఒకే ఒక్క గింజ. "ఏరా పైడిగా, నిండిందా?" అంటూ భొట్లుగారు భోజనానికి లేచిపోయాడు, ఆయన వెనకే శిష్యులూ పోయారు. గదిలో పైడయ్య ఒక్కడే, పక్కన గింజల బస్తా. రెండు దోసిళ్ళు పోస్తే చాలు, మంత్రి నోరు మూతపడుతుంది, ఆచారిగారుంటాడు, నూకాలు చదువవుతుంది. చూసేవాడు లేడు. పైడయ్య పిడికిడు గింజలు తీశాడంట. కుంచం మీదిదాకా తెచ్చాడంట. మీరైతే పోసేవాళ్ళే, నాకు తెలుసు, నేనైతే బస్తా మొత్తం పోసేదాన్ని. ఆ పిడికిలి మాత్రం తెరుచుకోలేదంట. పాతికేళ్ళు ఒకే పని చేసిన చెయ్యి మరి, యజమాని చెప్పినా వినలేదు.

మర్నాడు సభ. అందరూ కూచున్నారు. పైడయ్య ముందు భొట్లుగారి కుంచం గుమ్మరించాడు. టక్కుమని ఒక గింజ పడింది. అలవాటు కొద్దీ "లాభం" అని కేకేశాడు. ధాన్యం కొలిచేటప్పుడు మొదటిదాన్ని ఒకటి అనరుగా, లాభం అంటారు. భొట్లుగారు ఎగిరి లేచాడు. "విన్నారా ప్రభూ! లాభమన్నాడు, కొలిచినవాడే అన్నాడు!" మంత్రి కడుపు పట్టుకుని నవ్వాడు. ఆ గింజ ఏమిటయ్యా అని రాజు అడిగితే ఒక శిష్యుడు తల గోక్కుంటూ లేచి, "నాదే ప్రభూ. రేపు సెలవా అయ్యగారూ అని అడిగాను, అవునన్నారు" అన్నాడంట. తర్వాత ఆచారిగారి కుంచం గుమ్మరిస్తే గింజలు సభంతా దొర్లినయ్యి. "లాభం" అన్నాడు పైడయ్య. మంత్రి నవ్వు ఆపేశాడు. "ప్రభూ, ఈ గదిలో చదివేది ఇతని కూతురు. తండ్రీకూతుళ్ళు కలిసి నింపారు" అన్నాడు.

రాజు ఒక గింజ తీసి నూకాలు వైపు చూసి, "ఇది ఏ ప్రశ్నమ్మా?" అన్నాడు. ఆ పిల్ల బెదరలేదు. "ఏ గింజ ఏదో ఎట్లా చెప్పను ప్రభూ? నేను మొదట వేసిన గింజ సంగతి చెప్తాను. మా అమ్మ పురిట్లో రక్తం ఆగక పోయింది, దాన్ని ఆపొచ్చా అని అడిగాను. ఆపొచ్చన్నారు. ఎట్లాగన్నాను. ఆ ఎట్లాగో చెప్పడానికి పద్నాలుగు రోజులు పట్టింది, మేమందరం అడుగుతూనే ఉన్నాం, ఆయన చెప్తూనే ఉన్నారు. ఈ గింజల్లో సగం అవే. ఇదే మాట పోయినేడు ఒక తెల్లారుజామున ఆయనింటికెళ్ళి అడిగాను. సంతకి వేళయిందమ్మా అన్నారు." పైడయ్యకి ఆ సంగతి అప్పటిదాకా తెలీదు. సభలో అందరి ముందూ కండవాలో మొహం పెట్టుకుని ఏడ్చాడంట. ఆచారిగారు కూడా పైకి చూస్తూ కూచున్నాడు, పైన చూడ్డానికేమీ లేదు.

రాజు, "మరి భొట్లుగార్ని ఏం చెయ్యమంటావు పైడయ్యా?" అన్నాడు. "నన్ను కొలవమన్నారు, కొలిచాను. చెయ్యడం తమరి పని. కాకపోతే ఒక మాట ప్రభూ. మేం లాభం అని మొదలెడతాం, అది మంచిమాట కోసం. గాదె నిండేది దాంతో కాదు, ఆ తర్వాత రెండు, మూడు అంటూ పోసేదాంతో. తమరు పెంచిన జీతం లాభం. ఆచారిగారు అక్కణ్ణించి రెండు, మూడు పోసుకుంటూ పోయారు. భొట్లుగారు లాభం దగ్గరే ఆగారు, ఉయ్యాల మీద." రాజు జీతాలు తగ్గించలేదు. మంత్రి అడిగితే, ఒకరు ఊగుతున్నారని ఇంకొకర్ని సంతకి పంపనా అన్నాడంట. కుంచం మాత్రం భొట్లుగారి గదిలోనే ఉంచమన్నాడు.

భొట్లుగారు తెలివైనవాడు. అడగండిరా, ఏదో ఒకటి అడిగి చావండి, అన్నాడంట శిష్యులతో. రేపు సెలవా అయ్యగారూ, ఎల్లుండి సెలవా అయ్యగారూ, ఆవలెల్లుండి? కుంచం సగమైంది. పదిరోజులకి శిష్యులకే విసుగొచ్చి, ఒకడు, "అయ్యగారూ, నేను తిన్నాను అంటాం కదా, మరి నేను ఆకలేసింది అనకుండా నాకు ఆకలేసింది అంటామెందుకూ?" అన్నాడు. భొట్లుగారు నోరు తెరిచాడు. తాంబూలం కనపడింది గానీ జవాబు కనపడలేదు. ఇంటికెళ్ళి అటకమీది తాటాకుల కట్ట దించి దుమ్ము దులిపాడంట. మర్నాడు అందరికంటే ముందొచ్చి, ఉయ్యాల మీద కాకుండా కింద కూచుని చెప్పడం మొదలెట్టాడు. చెప్తుంటే ఆయనకే బాగుందంట. పొద్దు వాలిందని శిష్యులు గుర్తు చేస్తే కసిరాడు కూడా.

నూకాలు చదువు ముగించి ఊరికొచ్చింది. మొదటి పురుడు పోసింది, తల్లీ బిడ్డా ఇద్దరూ బాగున్నారు. ఆ పొద్దున పైడయ్య ఎవరికీ చెప్పకుండా నాలుగు కోసులు నడిచి ఆచారిగారింటి ముందు నిలబడ్డాడంట. ఆయన బయటికొచ్చి, "ఏం పైడయ్యా, ఇంత దూరం?" అన్నాడు. "ఏం లేదండి. ఊరికే" అన్నాడు పైడయ్య. దండం పెట్టాడు, తిరిగి నడుచుకుంటూ వచ్చేశాడు.

అదీ సంగతి. జీతం పెంచితే చదువు పెరుగుతుందా అని నన్నడక్కండి, నేను ఏ బడికీ పోలేదు. అదుగో, మన మాస్టారొస్తున్నాడు. జీతం పెరగ్గానే కొత్త చెప్పులు కొన్నాడని మీరంతా వారం నుంచీ గొణుగుతున్నారు. మీకంటే ముందు గొణిగింది నేనే. అయితే ఆ చెప్పులేసుకుని రోజూ సాయంత్రం మా వీధికొచ్చి, లెక్కలు రాని మా మనవరాలి పక్కన కూచుంటున్నాడు. అప్పుడే మడమలు అరిగినయ్యి, నేను చూశాను. లేవండి, లేవండి, ఆ చింతపండు కాస్త అటు జరిపి ఆయనకి చోటివ్వండి. కథ మళ్ళీ మొదటినుంచి చెప్పమంటే మాత్రం నావల్ల కాదు.